56, 48, 44, 2: గ్రేటర్ హైదరాబాద్ ఫలితం వెనుక లెక్కలు

గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఎన్నికల ఓట్ల లెక్కింపు జరిగిన 2020 డిసెంబర్ 4 ఉదయం టీవీ పెట్టినవారికి హైదరాబాద్‌లో బీజేపీ ప్రభంజనం వీస్తున్నట్టే కనిపించింది. తెర అడుగున పరుగులు తీసే అంకెల్లో ఆ పార్టీ మిగిలినవారిని ఎంతో వెనక్కి నెట్టేసింది. మధ్యాహ్నం దాటేసరికి దృశ్యం మారింది, టీఆర్ఎస్ ముందుకొచ్చింది. రాత్రికి 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 55, బీజేపీకి 48, మజ్లిస్‌కు (ఎంఐఎం) 44, కాంగ్రెస్‌కు 2 అని తేలింది. నేరేడ్‌మెట్ ఒక్కటీ ఆగిపోయింది. కొన్ని రోజుల తరువాత అదీ టీఆర్ఎస్ ఖాతాలోనే చేరి ఆ పార్టీ బలం 56 అయింది.

ఈ నాలుగు అంకెలను ఆ రోజుల్లో ఎవరికి తోచినట్టు వారు చెప్పుకున్నారు. ఓడినవారు గెలిచామన్నారు, గెలిచినవారు సంబరం చేసుకోలేకపోయారు. రెండు నెలల తరువాత మేయర్ పీఠం ఎక్కినవారి పార్టీ, మూడేళ్ల తరువాత అదే పీఠం మీద ఉన్నవారి పార్టీ ఒకటి కాదు. నగరపాలక సంస్థ ఎన్నికల్లో ఫలితం ఒక్క రోజున, ఒక్క పట్టికలో తేలిపోదని 2020 గ్రేటర్ ఎన్నికలు చూపినంత స్పష్టంగా మరేదీ చూపలేదు. ఓట్లు సీట్లుగా మారడం ఒక మెట్టు. సీట్లు పీఠంగా మారడం మరో మెట్టు. పీఠం అధికారంగా మారడం ఇంకో మెట్టు. ప్రతి మెట్టు దగ్గరా ఓటరు చేతిలోంచి కొంత జారిపోతుంది. ఎక్కడ ఎంత జారిందో విడమరిచి చూద్దాం.

ముందు ఆ ఉదయపు గందరగోళం సంగతి. కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ ఎన్నికలను ఓటింగ్ యంత్రాలతో కాక బ్యాలెట్ పత్రాలతో జరిపింది. యంత్రమైతే మీట నొక్కగానే అంకె చెబుతుంది. కాగితమైతే పెట్టెలు తెరవాలి, పత్రాలు కట్టలు కట్టాలి, కలపాలి, ఆ తరువాతే పార్టీలవారీగా విడదీయాలి. సగటున ఒక్కో డివిజన్‌లో యాభై వేల మంది ఓటర్లున్నారు. పోలైనవి ఇరవై వేలకు పైన. ఈ తతంగం పూర్తయి మొదటి రౌండు అంకె రావడానికే మధ్యాహ్నమవుతుంది. అంతకుముందు లెక్కించేది పోస్టల్ బ్యాలెట్లను. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, వారిలాంటి మరికొందరు వేసేవి. డివిజన్‌కు అవి అతి కొద్ది. ఉదయం తెరమీద కనిపించిన ఆధిక్యమంతా ఆ గుప్పెడు ఓట్లదే. ఉద్యోగుల్లో ప్రభుత్వం మీద అసంతృప్తి ఉందని వాటి నుంచి చెప్పవచ్చునేమో కానీ, నగరం ఎటు మొగ్గిందో చెప్పలేం. ఆ తేడా వివరించకుండా గంటల తరబడి ఆధిక్యాలు చూపడం ప్రేక్షకులకు చేసిన అన్యాయమని నా అభిప్రాయం.

ఇక అసలు అంకెలు. టీఆర్ఎస్‌కు వచ్చిన ఓట్లు సుమారు 35.8 శాతం, బీజేపీకి సుమారు 35.6 శాతం. ఓట్లలో చెప్పాలంటే రెండూ పన్నెండు లక్షల చుట్టూ ఉన్నాయి, తేడా పదివేలలోపే. డెబ్బై నాలుగు లక్షల మందికి పైగా ఓటర్లున్న నగరంలో పదివేలంటే ఒక కాలనీ. కానీ సీట్లలో అది ఎనిమిది డివిజన్ల తేడా అయింది.

మజ్లిస్ లెక్క ఇంకో రకం. ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 19 శాతానికి కాస్త తక్కువ. సీట్లు మాత్రం 44, అంటే మొత్తంలో 29 శాతం. ఇందులో గారడీ ఏమీ లేదు. మజ్లిస్ 150 డివిజన్లలో పోటీ చేయలేదు, 51 చోట్లే నిలబడింది. పాతబస్తీలోనూ, దానికి ఆనుకుని ఉన్న చోట్లా తన బలమెంతో ఆ పార్టీకి ఇంటింటి లెక్కగా తెలుసు. మిగతా చోట్ల ఓట్లు చల్లుకోకుండా, ఉన్నచోట గట్టిగా కూడబెట్టుకుంది. 2009లో ఆ పార్టీకి 43 డివిజన్లు, 2016లో 44, 2020లో మళ్లీ 44. చుట్టూ మిగతా పార్టీలు ఆకాశానికి ఎగిరి నేలకు పడుతుంటే ఆ అంకె మాత్రం కదల్లేదు.

కాంగ్రెస్‌ది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. 146 చోట్ల అభ్యర్థులను నిలిపి, ఆరున్నర శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని, ఉప్పల్, ఏఎస్‌రావునగర్ అనే రెండు డివిజన్లతో సరిపెట్టుకుంది. నగరమంతా పలుచగా పరుచుకున్న ఓటు ఎక్కడా గెలుపు దాకా పేరుకోలేదు. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వారే విజేత అనే మన పద్ధతిలో ఎన్ని ఓట్లు వచ్చాయన్నదానికంటే అవి ఎక్కడ పడ్డాయన్నదే ముఖ్యం. 2016లో ఇదే పద్ధతి టీఆర్ఎస్‌కు వరమైంది. అప్పుడు దాదాపు 44 శాతం ఓట్లతో 99 డివిజన్లు గెలిచింది. ఓటు వేసినవారిలో నూటికి యాభై ఆరు మంది వద్దనుకున్నా మూడింట రెండు వంతుల కౌన్సిల్ ఆ పార్టీదే అయింది. నాలుగేళ్ల తరువాత ఓట్లు ఎనిమిది శాతం తగ్గితే సీట్లు 43 తగ్గాయి. గాలి అనుకూలంగా ఉన్నప్పుడు రెండింతలు మోసే పద్ధతి, ఎదురుగాలిలో అంతే వేగంగా పడేస్తుంది.

బీజేపీ 4 నుంచి 48కి ఎదగడాన్ని కూడా కాస్త నిదానంగా చూడాలి. పన్నెండు రెట్లు పెరిగిందని అప్పట్లో ఎక్కడ చూసినా అదే మాట. అంకె నిజమే. అయితే 2016లో బీజేపీ, తెలుగుదేశం కలిసి పోటీ చేశాయి. డివిజన్లను పంచుకోవడంతో కమలం గుర్తు చాలా చోట్ల బ్యాలెట్ మీదే లేదు. 2020లో 149 చోట్ల ఉంది. తెలుగుదేశం వంద చోట్లకు పైగా నిలబడి ఒక్కటీ గెలవలేదు. అంటే బీజేపీ పెరుగుదలలో కొంత భాగం కొత్తగా పోటీ చేసిన డివిజన్లది, కొంత భాగం తెలుగుదేశాన్ని వదిలి వచ్చినవారిది, మిగిలినది నిజంగా అధికార పార్టీ మీద విసిగి మారినవారిది. ఈ మూడింటినీ విడదీయకుండా మొత్తాన్నీ ఒకే గాలి అనడం తొందరపాటు. అలాగని గాలే లేదనడం కూడా పొరపాటు. నవంబర్ 10న ఫలితం వెలువడిన దుబ్బాక అసెంబ్లీ ఉపఎన్నికలో టీఆర్ఎస్ వెయ్యి చిల్లర ఓట్లతో బీజేపీ చేతిలో ఓడింది. ఆ వేడి ఆరకముందే గ్రేటర్ షెడ్యూలు వచ్చింది. అమిత్ షా, జేపీ నడ్డా, యోగి ఆదిత్యనాథ్ వంటివారు ఒక నగరపాలక సంస్థ ఎన్నికల కోసం హైదరాబాద్ వీధుల్లో తిరిగారు. మున్సిపల్ ఎన్నిక మున్సిపల్ ఎన్నికగా మిగల్లేదు.

మిగిలి ఉంటే మాట్లాడుకోవాల్సింది వరద గురించి. 2020 అక్టోబర్ రెండో వారంలో కురిసిన వానకు నగరం మునిగింది. నాలాలు పొంగాయి, చెరువులు తెగాయి, కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రాణాలు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం ఇంటికి పది వేల రూపాయల సాయం ప్రకటించింది. మీసేవ కేంద్రాల ముందు జనం తెల్లవారకముందే బారులు తీరారు. షెడ్యూలు రావడంతో ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపించింది. తాము గెలిస్తే పాతిక వేలిస్తామని బీజేపీ చెప్పింది. నెలకు ఇరవై వేల లీటర్ల దాకా తాగునీరు ఉచితమని టీఆర్ఎస్ హామీ ఇచ్చింది. ఈ రెండు హామీలను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

నేరేడ్‌మెట్ ఎందుకు ఆగిందో చెప్పుకోవాలి. చిన్న విషయమే అయినా కాగితపు ఓటు ఎంత సున్నితమో అక్కడ తెలుస్తుంది. ఓటరు బ్యాలెట్ మీద వేయాల్సింది స్వస్తిక్ ముద్ర. కొన్ని కేంద్రాల్లో సిబ్బంది పొరపాటున మరో ముద్ర ఇచ్చారు. ఓటరు తన చేతికిచ్చిన ముద్రనే వేశాడు, అతని తప్పేమీ లేదు. లెక్కింపు ముందు రాత్రి ఎన్నికల సంఘం ఆ ఓట్లనూ పరిగణించవచ్చని సర్క్యులర్ ఇచ్చింది. అది హైకోర్టుకు వెళ్లింది, కోర్టు సర్క్యులర్‌ను నిలిపివేసింది. చాలా డివిజన్లలో ఆధిక్యం ముందు ఆ ఓట్లు లెక్కలోకి వచ్చేటంత లేవు. నేరేడ్‌మెట్‌లో మాత్రం వివాదంలో పడిన ఓట్లు అభ్యర్థుల మధ్య తేడా కంటే ఎక్కువ. అందుకే ఫలితం ప్రకటించకుండా ఉంచి, కోర్టు చెప్పిన తరువాత తేల్చారు. పాత మలక్‌పేటలో అయితే సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ రోజే ఆపేసి డిసెంబర్ 3న మళ్లీ జరిపారు. కంకి కొడవలికీ, సుత్తి కొడవలి నక్షత్రానికీ తేడా అచ్చువేసినవారికి తెలియలేదు.

ఇప్పుడు రెండో మెట్టు. 150లో సగం దాటాలంటే 76 కావాలి. ఎవరికీ లేవు. ఆ రాత్రి అందరూ అడిగింది ఒకటే: మేయర్ ఎవరు? జవాబు తేలడానికి రెండు నెలలు పట్టింది. ఎందుకంటే పాత కౌన్సిల్ గడువు 2021 ఫిబ్రవరి 10 వరకు ఉంది, ఎన్నికలు ముందుగా జరిగాయి. గెలిచిన కార్పొరేటర్లు అంతదాకా ప్రమాణం కూడా చేయకుండా ఎదురుచూశారు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మేయర్‌ను ఎన్నుకునేది కార్పొరేటర్లు మాత్రమే కాదు. రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణ ప్రకారం రాష్ట్రం చట్టం చేసి ఆ నగర పరిధిలోని ఎమ్మెల్యేలకు, లోక్‌సభ సభ్యులకు కౌన్సిల్‌లో చోటు ఇవ్వవచ్చు. నగర పరిధిలో ఓటరుగా నమోదైన రాజ్యసభ సభ్యులకు, ఎమ్మెల్సీలకు కూడా. వీరే ఎక్స్ అఫీషియో సభ్యులు. వారికి ఓటు ఉంటుంది. ఎమ్మెల్యే, ఎంపీలనైనా ప్రజలే ఎన్నుకున్నారు కదా అనవచ్చు, నిజమే. కానీ వారిని ఎన్నుకున్నది వేరే సంవత్సరంలో, వేరే విషయం మీద. ఎమ్మెల్సీల్లో కొందరిని గవర్నర్ నామినేట్ చేస్తారు, ఇంకొందరిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఎమ్మెల్సీ తన ఓటరు నమోదును ఎక్కడికి మార్చుకుంటే అక్కడి మున్సిపాలిటీలో సభ్యుడైపోయే అవకాశం ఉంది.

గ్రేటర్ కౌన్సిల్‌లో అప్పుడు ఎక్స్ అఫీషియో సభ్యులు 44 మంది. అందులో 32 మంది టీఆర్ఎస్‌వారు, 10 మంది మజ్లిస్, ఇద్దరు బీజేపీ. లింగోజిగూడ నుంచి గెలిచిన బీజేపీ అభ్యర్థి ప్రమాణం చేయకముందే కరోనాతో కన్నుమూయడంతో కార్పొరేటర్లు 149 మంది. అందరినీ కలిపితే సభ్యుల సంఖ్య 193. టీఆర్ఎస్ 56 కాస్తా 88 అయింది. మజ్లిస్ 54, బీజేపీ 49, కాంగ్రెస్ 2. ఓట్లలో పావు శాతం తేడా, సీట్లలో ఎనిమిది తేడా, పీఠం దగ్గర ముప్పై తొమ్మిది తేడా. డిసెంబర్ 4న దాదాపు సమానంగా నిలిచిన ఇద్దరి మధ్య ఫిబ్రవరి 11 నాటికి ఇంత దూరం పెరిగింది, మధ్యలో ఒక్క ఓటరూ మళ్లీ ఓటు వేయలేదు.

ఆ రోజు చేతులెత్తే పద్ధతిలో ఎన్నిక జరిగింది. మజ్లిస్ మద్దతు ఇచ్చింది. బంజారాహిల్స్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయర్, తార్నాక కార్పొరేటర్ మోతె శ్రీలత డిప్యూటీ మేయర్ అయ్యారు. ప్రచారంలో ఒకరినొకరు తిట్టుకున్న రెండు పార్టీలు సభలో కలిసి చేయెత్తాయి. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఎవరికీ మెజారిటీ రాని సభలో ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి మద్దతు ఇవ్వాల్సిందే. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ పొత్తు కాదు, ఎక్స్ అఫీషియో ఓటు. 2020 జనవరిలో తుక్కుగూడ మున్సిపాలిటీలో 15 వార్డులకు బీజేపీ 9 గెలిచింది. స్పష్టమైన మెజారిటీ. అయినా ఎక్స్ అఫీషియో ఓట్ల బలంతో అధ్యక్ష పదవి టీఆర్ఎస్‌కు దక్కింది. అక్కడ ఓటరు ఇచ్చిన తీర్పులో అస్పష్టత ఏమీ లేదు, అయినా అది చెల్లలేదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు కౌన్సిల్‌లో కూర్చుని మాట్లాడటం మంచిదే, నియోజకవర్గం గురించి వారికి తెలిసినవి ఉంటాయి. అధ్యక్షుడి ఎన్నికలో వారికి ఓటు ఎందుకుండాలో మాత్రం నాకు ఇప్పటికీ ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఇది ఒక పార్టీ తప్పని కూడా అనలేను. రాష్ట్రంలో ఎవరు అధికారంలో ఉంటే ఆ ఓట్లు వారికే ఎక్కువుంటాయి, అందుకే ఎవరూ మార్చరు.

కథ అంతటితో ఆగలేదు. లింగోజిగూడకు 2021 ఏప్రిల్‌లో ఉపఎన్నిక జరిగింది, కాంగ్రెస్ గెలిచింది. ఆ పార్టీ బలం రెండు నుంచి మూడైంది. 2023 డిసెంబర్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారి కాంగ్రెస్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయర్, మార్చిలో మేయర్ కాంగ్రెస్‌లో చేరారు. అంటే 150 డివిజన్లలో రెండు గెలిచిన పార్టీకి మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ దక్కారు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు పార్లమెంటు సభ్యులకూ, శాసనసభ్యులకూ సంబంధించినది. స్థానిక సంస్థల దాకా రాదు. పార్టీ గుర్తు మీద గెలిపించి, ఆ పార్టీని వదిలి వెళ్లకుండా మాత్రం ఆపని వింత ఏర్పాటు ఇది. గుర్తులే లేకుండా జరిపే పంచాయతీ ఎన్నికల పద్ధతి ఈ విషయంలో కాస్త నిజాయితీగా ఉందనిపిస్తుంది.

ఇక మూడో మెట్టు, పీఠానికి ఉన్న అధికారం. జీహెచ్ఎంసీ చట్టంలో పాలనాపరమైన అధికారం ప్రధానంగా కమిషనర్‌ది. కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేదీ ప్రభుత్వమే. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు, కౌన్సిల్ బడ్జెట్‌ను ఆమోదిస్తుంది, కార్పొరేటర్ల నుంచి ఎన్నికయ్యే స్టాండింగ్ కమిటీ పనులకు అనుమతులు ఇస్తుంది. వీధి దీపాలు, చెత్త, కాలనీ రోడ్లు, వాన నీటి కాలువలు, పార్కులు, దోమల మందు, ఆస్తి పన్ను, భవన అనుమతులు బల్దియావి, అంటే జీహెచ్ఎంసీవి. తాగునీరు జలమండలిది. నగరం చుట్టూ ప్రణాళిక మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది. ట్రాఫిక్ పోలీసులది. కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కంది. వీటిలో ఏ సంస్థా మేయర్ కింద లేదు. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 విధులు రాసి, అవి పట్టణ స్థానిక సంస్థలకు ఇవ్వవచ్చునంది. ఇచ్చి తీరాలని అనలేదు. ఆ ఒక్క వెసులుబాటులో నగర స్వపరిపాలన సగం ఆవిరైంది.

ఇప్పుడు ఆ రెండు హామీల దగ్గరికి వద్దాం. ఇరవై వేల లీటర్ల ఉచిత నీరు 2021 జనవరిలో మొదలైంది. అమలు చేసింది జలమండలి, నిర్ణయించింది రాష్ట్ర ప్రభుత్వం. అప్పటికి కొత్త కార్పొరేటర్లు ప్రమాణం కూడా చేయలేదు. వరద సాయమూ అంతే, పదివేలైనా పాతికవేలైనా కౌన్సిల్ తీర్మానంతో వచ్చేది కాదు. ఆ ఎన్నికల్లో జనం నోళ్లలో ఎక్కువగా నానిన రెండు హామీలూ, ఆ ఎన్నికల్లో గెలిచేవారి చేతిలో లేనివే. అసలు వారి చేతిలో ఉన్నది, వరదకు మూలమైనది నాలా. ఏ నాలా ఎన్ని అడుగులు కుంచించుకుపోయింది, పూడిక ఎప్పుడు తీశారు, దాని మీద ఇల్లు కట్టడానికి అనుమతి ఎలా వచ్చింది అన్న ప్రశ్నలు డివిజన్ స్థాయి ప్రశ్నలు. వాటి మీద ఓటు అడిగిన పెద్ద నాయకుడిని నేను చూడలేదు.

పోలింగ్ శాతం దగ్గరకొస్తే అందరూ హైదరాబాదీని మందలిస్తారు. 2009లో 42, 2016లో 45, 2020లో 46 శాతం చిల్లర. సెలవు ఇస్తే ఊరెళ్లిపోతారని, ఇంట్లో పడుకుంటారని విమర్శ. 2020లో శనాదివారాలు, సోమవారం కార్తిక పౌర్ణమి, మంగళవారం పోలింగ్. వరుసగా నాలుగు రోజుల సెలవు, పైగా కరోనా భయం. ఇవన్నీ ఉన్నాయి. ఊళ్లోనూ ఇక్కడా రెండు చోట్లా పేరున్నవారు ఉన్నారు, ఇల్లు మారినా జాబితాలో పేరు మారనివారు ఉన్నారు. ఇవన్నీ తీసేసినా ఒక మాట మిగులుతుంది. తన ఓటుకూ తన ఇంటి ముందు మురుగుకూ మధ్య ఎన్ని చేతులు అడ్డున్నాయో ఓటరుకు అనుభవంతో తెలుసు. అత్యధిక సీట్లు గెలిచిన పార్టీకి ఓటు వేసినవారు మొత్తం ఓటర్లలో నూటికి పదహారు మందే. ఆ పదహారును చూసి ఓటరును మాత్రమే తప్పుబట్టడం నాకు సమ్మతం కాదు.

మేయర్‌ను నేరుగా ఎన్నుకునే అవకాశం ఈ నగరానికి ఒకసారి వచ్చింది. 2002లో హైదరాబాద్ ఓటరు కార్పొరేటర్‌తో పాటు మేయర్‌కూ ఓటు వేశాడు, తీగల కృష్ణారెడ్డి అలా మేయరయ్యారు. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కలిపి గ్రేటర్ ఏర్పడ్డాక 2009లో మళ్లీ పరోక్ష పద్ధతికి వెళ్లారు. ఆ కౌన్సిల్‌లోనే కాంగ్రెస్, మజ్లిస్ అవగాహనతో పదవిని పంచుకున్నాయి. మొదట బండ కార్తీకరెడ్డి, తరువాత మాజిద్ హుస్సేన్ మేయర్లయ్యారు. నేరుగా ఎన్నికైన మేయర్‌కు కౌన్సిల్‌లో మెజారిటీ లేకపోతే ప్రతి పనీ ఆగుతుందన్న భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. అయినా మేయర్ ఎవరో ఎన్నిక ముందే తెలియడం, ఓటరు దగ్గరకు వచ్చి ముఖాముఖి ఓటు అడగడం చిన్న విషయం కాదు. 2020లో మేయర్ పదవి మహిళకు రిజర్వ్ అయిందని తెలుసు, ఆ మహిళ ఎవరో ఫిబ్రవరి 11 ఉదయం దాకా ఓటరుకు ఎవరూ చెప్పలేదు.

ఇంత చెప్పినా 2020 ఎన్నికకు ఒక గౌరవం దక్కాలి. 1986 తరువాత హైదరాబాద్ నగరపాలక సంస్థకు మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో, పదహారేళ్లకు. 2007 నుంచి 2009 దాకా గ్రేటర్‌కు ప్రత్యేకాధికారి పాలన. 2009లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2014 డిసెంబర్‌లో తీరితే, మళ్లీ పోలింగ్ 2016 ఫిబ్రవరిలో. గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగం 243యూ అధికరణలో చెప్పిన మాటను గ్రేటర్ హైదరాబాద్ మొదటిసారి నిలబెట్టుకున్నది 2020 డిసెంబర్ 1న, కరోనా మధ్యలో, కాగితపు బ్యాలెట్లతో.